పదో సిట్టింగ్

మార్చి 1, 2025. శనివారం

కొత్త ఫ్రీ కేసు. పేరు బుగ్గమ్మ, నలభై ఎనిమిదేళ్లు. మహబూబ్‌నగర్ వైపు మనిషి. అశోక్‌నగర్‌లో కడుతున్న ఒక హాస్టల్ బిల్డింగ్‌లో ఆమె, మొగుడు బాలప్ప కూలి పని చేస్తారు. ఆ సెల్లార్‌లోనే ఉంటారు. పన్నెండేళ్లుగా షుగర్. డిసెంబరులో కుడి పాదంలో మేకు దిగింది. పాదానికి స్పర్శ లేదు కాబట్టి తెలియలేదు. సాయంత్రం చెప్పు విడిస్తే రక్తం కనబడిందట. ఇప్పుడు రెండో వేలు నల్లబడింది, పాదం మీద అరచెయ్యంత పుండు.

ట్రస్టు పుణ్యాన ముప్పై సిట్టింగ్‌లు ఫ్రీ. మెలిక ఏమిటంటే మా డాక్టర్ ప్రహ్లాద్ సార్ ఒక స్టడీ చేస్తున్నాడు. నేను నడిపే చాంబర్‌లో పడుకోబెట్టి ఒత్తిడి పెంచి ఆక్సిజన్ ఇస్తే షుగర్ పేషంట్ల రక్తం పలచబడుతుందా, చిక్కబడుతుందా అని. మొదలుపెట్టే ముందు ఒకసారి, పదో సిట్టింగ్ రోజు ఒకసారి కొలుస్తారు. పదో రోజుకు రక్తం మెరుగుపడకపోతే ఫ్రీ సిట్టింగ్‌లు బంద్. నేరుగా సర్జన్ దగ్గరికి. బుగ్గమ్మ పాదం మీద సర్జన్ ఇప్పటికే పెన్నుతో గీత గీశాడు. గీతకు అవతల సగం పాదం ఉంది.

డబ్బు కట్టేవాళ్లు ఈ పరీక్ష పాస్ కానక్కర్లేదు.

ఈరోజు ఆమె రీడింగ్ 5.2. సన్న గాజు నాళంలో నీళ్లు ఒక సెకనులో దిగే దారిని ఆమె రక్తం ఐదు సెకన్లకు పైగా తీసుకుని దిగుతుంది.

ఎప్పటిలాగే రూల్స్ చెప్పాను. నూలు బట్టలే వేసుకోవాలి. తలకు నూనె వద్దు. పిన్నులు, ఫోను, అగ్గిపెట్టె వద్దు. తిని రావాలి, లేకపోతే లోపల షుగర్ పడిపోతుంది. చెవులు మూసుకుపోతే ముక్కు పట్టుకుని ఊదాలి. చివరిది కంపెనీ పుస్తకంలో లేదు, నేను చేర్చాను: రెండు గంటలు తలుపు తెరవను, నీళ్లు తక్కువ తాగి రండి.

మార్చి 3, సోమవారం

మొదటి సిట్టింగ్. గాలి కూడా మందేనా అని అడిగింది బుగ్గమ్మ. మందే అన్నాను. అయితే ఇన్నేళ్లు ఊరికే పీల్చానే అంది. నవ్వొచ్చింది. నేను డ్యూటీలో నవ్వను.

ఆమె తర్వాతి స్లాట్ కిషన్ రావు గారిది. చిక్కడపల్లి మనిషి, కరెంటాఫీసులో రిటైరయ్యాడు, మడమ మీద పుండు. డబ్బు కట్టే పేషంట్. ఈ మెషీన్‌ను సబ్‌మెరైన్ అంటాడు. అందరూ గాజు గొట్టం అంటారు. గాజు కాదు, మందపాటి ప్లాస్టిక్. ఎన్నిసార్లు చెప్పినా అంతే.

నన్ను గాజు గొట్టం పిల్ల అంటారని నవత చెప్పింది. నవత మా ల్యాబ్ టెక్నీషియన్. అననీ. ఇంటర్‌తో నా చదువు ఆగింది. కంపెనీ మనిషి మూడు రోజులు నేర్పి వెళ్లిపోయాడు. మిగతాది నేనే చదువుకున్నాను. నారాయణగూడలోని ఈ సెంటర్ మొత్తంలో ఈ మెషీన్ నాకంటే తెలిసినవాళ్లు లేరు. గొప్పకు రాయడం లేదు. నిజం.

మార్చి 5, బుధవారం. మధ్యాహ్నం 1.30

గలీజు రోజు.

గంట దాటాక బుగ్గమ్మ లోపలి నుంచి ప్లాస్టిక్ మీద కొట్టడం మొదలుపెట్టింది. మైకులో అడిగితే చెప్పదు. చెవులా అంటే కాదు. ఛాతీలో నొప్పా అంటే కాదు. గదిలో బాలప్ప ఉన్నాడు, పేపర్ చదువుతూ కిషన్ రావు గారు ఉన్నారు. మైకులో మాట్లాడితే గది మొత్తం వినబడుతుంది. చివరికి బాత్‌రూమ్ అంది, సగం మాట మింగి.

ఒత్తిడి దించడం మొదలుపెట్టాను. గబుక్కున దించితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పన్నెండు నిమిషాలు పడుతుంది. ఏడో నిమిషంలో అయిపోయింది. కిషన్ రావు గారు పేపర్ ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. మంచివాడే.

తలుపు తీసి నేనేం చేశాను? తిట్టాను. ముందే చెప్పలేదా, ఈ పరుపు ఎవరు కడగాలి అన్నాను. బుగ్గమ్మ కుంటుకుంటూ వచ్చి పరుపు నా చేతిలోంచి లాక్కుని పంపు దగ్గర తనే ఉతికింది, కట్టు కట్టిన కాలు ఎత్తి పెట్టుకుని.

మార్చి 6, గురువారం

బుగ్గమ్మ మాట విన్నది. రెండు గంటలు కదల్లేదు.

మార్చి 8, శనివారం. సాయంత్రం, లైబ్రరీ

చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చున్నాను. పక్కన గ్రూప్స్ చదివే ఇద్దరు నా జిరాక్స్ కాగితాలు చూసి ఏ ఎగ్జామ్ అక్కా అని అడిగారు. రక్తం అన్నాను. కుర్చీ జరుపుకున్నారు.

నాకు అర్థమైనంత రాసుకుంటున్నాను. ఎర్ర కణం తనకంటే సన్నటి నాళంలోంచి వెళ్లాలి. మడత పడి, నలిగి, అవతలికి వెళ్లాక మళ్లీ గుండ్రంగా అవుతుంది. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే కణం బిరుసెక్కుతుంది. మడత పడదు. కణాలు ఒకదానికొకటి అతుక్కుని దొంతరలు కడతాయి. కాలి వేళ్ల దాకా రక్తం చేరదు. అప్పుడు వేలు నల్లబడుతుంది.

మరి ఒత్తిడిలో ఆక్సిజన్ ఏం చేస్తుంది? ఒక పేపర్ కణం మెత్తబడుతుంది అంటుంది. ఇంకో పేపర్ ఆక్సిజన్ ఎక్కువై కణం పొర దెబ్బతింటుంది, ఇంకా బిరుసెక్కుతుంది అంటుంది. ఇద్దరూ పెద్ద డాక్టర్లే. ఒక్కరూ చాంబర్ పక్కన స్టూల్ మీద రెండు గంటలు కూర్చున్నట్టు లేదు.

చిక్కదనానికి ఇంకో కారణం కూడా రాశారు. రక్తంలో కణాల వంతు. దాన్ని పీసీవీ అంటారు. అది పెరిగితే చాలు, కణాలు మంచివైనా రక్తం చిక్కబడుతుంది. ఈ లైన్ కింద పెన్సిల్ గీత గీశాను, ఎందుకో తెలియదు.

మార్చి 13, గురువారం

పదో సిట్టింగ్. రక్తం తీశారు. 5.9.

నవత మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ అంతే.

మార్చి 14, శుక్రవారం

హోలీ కదా, హాఫ్ డే. బయట పిల్లల అరుపులు. లోపల ప్రహ్లాద్ సార్ ఫైల్ మీద సంతకం పెట్టేశాడు. బుగ్గమ్మ సిట్టింగ్‌లు క్లోజ్. వచ్చే గురువారం, ఇరవయ్యో తేదీ, సర్జరీ. సగం పాదం.

నేను అడ్డం నిలబడ్డాను. పుండు అంచులు ఎర్రబడ్డాయి సార్, వాసన తగ్గింది, డ్రెస్సింగ్ చేసే సిస్టర్‌ని అడగండి అన్నాను. అంచులు కాదు, నంబర్ కావాలన్నాడు. ఆమె స్వీట్లు తింటోందేమో అన్నాడు. పద్నాలుగు మంది ఫ్రీ కేసుల్లో పదకొండు మందికి రక్తం చిక్కబడిందట, ఇది ఆక్సిజన్ చేసే పనేనట, ఈ విషయం కాన్ఫరెన్స్‌కు రాసి పంపేశాడట. మాట్లాడుతూ జేబులోంచి గ్యాస్ గోలీ తీసి వేసుకున్నాడు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదనుకుంటా. చెడ్డవాడు కాదు. అదే నాకు ఎక్కువ మండింది.

బుగ్గమ్మ అంతా విని, వేళ్లు లేని కాలికి చెప్పు ఎట్లా నిలుస్తుంది అని అడిగింది.  

మార్చి 15, శనివారం

కోపం తప్ప ఏమీ లేదు రాయడానికి.

మార్చి 16, ఆదివారం. మధ్యాహ్నం

అశోక్‌నగర్ సైటుకు వెళ్లాను. పాత రిపోర్టులు ఉంటే తీసుకుని వేరే డాక్టర్‌కు చూపిద్దామని. ఐదంతస్తులు లేచాయి. సెల్లార్‌లో సిమెంటు బస్తాల వెనుక వాళ్ల మంచం, స్టవ్, దండెం.

బాలప్ప చాయ్ పెట్టాడు. గ్లాసులు రెండే, నాకూ తనకూ. ఎండకు బుగ్గమ్మ పెదవులు పగిలి ఉన్నాయి. పెద్దమ్మా నువ్వు తాగవా అంటే తల ఊపింది. మంచినీళ్లు ఇవ్వబోయాను, వద్దంది. ఈరోజు సిట్టింగ్ లేదు కదా అన్నాను. అలవాటు అయిందంది.

నాకు కాసేపటికి బాత్‌రూమ్ అవసరం పడింది. ఎక్కడుంది అని అడిగాను. బాలప్ప లేచి బయటికి పోయాడు. బుగ్గమ్మ నన్ను చూసి నవ్వింది.

"ఈడ ఏడుంటది బిడ్డా? తెల్లారక ముందు పోవాలె, చీకటి పడ్డంక పోవాలె. నడుమ నీళ్లు తాగితే గదా ఫికర్."

 ఆమె ఇంకా చెబుతోంది, నన్ను ఓదారుస్తున్నట్టు.

"నువ్వు మంచిదే జెప్పినవ్, నీళ్లు తక్కువ తాగమని. ఆ నాటి సంది నేను అసలుకే బంద్ జేసిన. మాపటి నుంచి సుక్క ముట్ట. నీ పరుపు మల్ల పాడు గాలె సూడు."

హిందీ మహావిద్యాలయం దాకా నడిచి వచ్చేశాను, ఎలా వచ్చానో తెలియదు. రిపోర్టుల సంగతి మర్చిపోయాను.

అదే రోజు, సాయంత్రం

మా అమ్మ అడ్డా కూలి, చౌరస్తాలో నిలబడి దొరికిన పనికి పోయేది. పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేది. వచ్చీ రాగానే బాత్‌రూమ్‌కు, ఆ తర్వాత చెంబెడు నీళ్లు గటగటా. చిన్నప్పుడు అది నాకు ఆటలా ఉండేది, ఎన్ని గుటకలు అని లెక్కపెట్టేదాన్ని. నాకు తెలియాలి. ప్రహ్లాద్ సార్‌కు తెలియకపోవచ్చు, కాగితాలు రాసిన పెద్ద డాక్టర్లకు తెలియకపోవచ్చు. నాకు తెలియాలి.

మొదటి రోజు రక్తం ఇచ్చినప్పుడు ఆమెకు చాంబర్ అంటే ఏమిటో తెలియదు. మామూలుగా తాగి వచ్చింది. పదో రోజుకు ఎండిపోయి వచ్చింది. నీళ్లు తగ్గితే కణాల వంతు పెరుగుతుంది. రక్తం చిక్కబడుతుంది. ఆక్సిజన్ చేసింది కాదు. నేను చేశాను.

మార్చి 17, సోమవారం

పొద్దున్నే నవత దగ్గర రిజిస్టర్ తీయించాను. పీసీవీ కాలమ్ అక్కడే ఉంది, ఎవరూ చదవని కాలమ్. బుగ్గమ్మకు మొదటి రోజు 38, పదో రోజు 43. కింద వరుసగా చూశాను. పద్నాలుగు మందిలో పదకొండు మందికి పెరిగింది. సార్ చెప్పిన ఆ పదకొండు మందే.

కిషన్ రావు గారిని అడిగాను, నీళ్లు తాగి వస్తారా అని. ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు.

"ప్రొస్టేట్ ఉన్నోనికి నువ్వు వేరే చెప్పాల్నా బేటా? సబ్‌మెరైన్ ఎక్కేదుంటే రాత్రి తొమ్మిదికే నేను నల్లా బంద్ జేస్త."

ఆయన సిట్టింగ్‌లు మాత్రం ఎవరూ ఆపలేదు. ఆయన మంచివాడు. అయినా రాస్తున్నాను.

నవత బుగ్గమ్మ కిడ్నీ రిపోర్టు చూసింది. బాగానే ఉంది, నీళ్లు తాగొచ్చు అంది. మళ్లీ రక్తం తీసి కొలవమన్నాను. సార్ సంతకం లేకుండా కుదరదంది. కుదరాలి అన్నాను. చాలాసేపు కొట్లాడుకున్నాం. చివరికి రేపు పొద్దున తీసుకురమ్మంది, ఎవరైనా అడిగితే నువ్వే నా చెయ్యి పట్టుకుని లాగావని చెబుతాను అంది. చెప్పుకో.

సాయంత్రం సైటుకు వెళ్లాను. పని అయిపోయింది. రేపు పొద్దుటి దాకా గంటకో గ్లాసు నీళ్లు తాగమని బుగ్గమ్మకు చెప్పి, ఆమెను వెంటబెట్టుకుని ఎదురుగా ఉన్న లేడీస్ హాస్టల్ వార్డెన్‌తో మాట్లాడాను. ఒక్కరోజు ఈమెను మీ బాత్‌రూమ్ వాడుకోనివ్వండి అన్నాను. కుదరదంది, వీళ్లను రానిస్తే అందరూ వస్తారంది. మెట్ల మీద కూర్చున్నాను. వచ్చే పోయే అమ్మాయిలందరికీ గట్టిగా కథ మొత్తం చెప్పాను. పావుగంటలో వార్డెన్ బాత్‌రూమ్ తాళం చెవి ఇచ్చింది.

మార్చి 18, మంగళవారం. ఉదయం 9.40

పీసీవీ 38. రీడింగ్ 4.8.

మొదటి రోజు కంటే తక్కువ. నవత నాలుగోసారి కూడా కొలిచింది.

అదే రోజు, 11 గంటలకు

కాగితం నా జేబులో ఉంది. చూపిస్తే సార్ అడిగే మొదటి మాట, ఎందుకు ఎండిపోయి వచ్చారని. జవాబు నేను. పదకొండు మంది నంబర్లు పాడుచేసింది నేను. అందులో ఇద్దరికి జనవరిలో వేళ్లు తీశారు. ఆ ఇద్దరి పేర్లు ఈ డైరీలో కూడా రాయలేకపోతున్నాను.

చూపించకపోతే ఎవరికీ తెలియదు. గురువారం బుగ్గమ్మ సగం పాదం పోతుంది.

ఇందులో ఆలోచించడానికేముంది. వెళ్తున్నాను.

అదే రోజు, సాయంత్రం

సార్ భోజనం డబ్బా తెరుచుకుని కూర్చున్నాడు. కాగితం డబ్బా పక్కన పెట్టాను. ముందు రీటెస్ట్ ఎవరు చేయమన్నారని అరిచాడు. ఆపరేటర్ పని ఆపరేటర్ చేయాలన్నాడు.  ఆ తర్వాత అంకెలు చూశాడు, అరుపు ఆగిపోయింది. ఎందుకని అడిగాడు.

"నేనే చెప్పిన సార్. అందరికీ. నీళ్లు తక్కువ తాగి రమ్మని. పరుపు కరాబ్ గావద్దని చెప్పిన."

డబ్బా మూత పెట్టేశాడు. కాన్ఫరెన్స్ పేపర్ సంగతి, ఏడాది పని సంగతి ఏవేవో మాట్లాడాడు. పీసీవీ పెరగడం తనూ చూశాడట, ల్యాబ్ పొరపాటు అనుకున్నాడట. తనకు ఒక్క మాట ముందే ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"మీరు పేషంట్లను తిన్నరా అని అడుగుతరు సార్. తాగిండ్రా అని ఎన్నడన్న అడిగిండ్రా?"

 సార్ జనవరిలో వేళ్లు తీసిన ఆ ఇద్దరి ఫైళ్లు తెమ్మన్నాడు. తెచ్చాను. చదివి, వాళ్ల వేళ్లు అప్పటికే పూర్తిగా చచ్చిపోయాయి, ఎలాగూ తీయాల్సిందే అన్నాడు. నా కోసం అన్నాడో నిజమే అన్నాడో తెలియదు. అడగలేదు. ఈ అనుమానం నాతో ఉండాల్సిందే.

సర్జన్‌కు ఫోన్ చేసి గురువారం కేసు ఆపించాడు. బుగ్గమ్మకు ఇంకో పది సిట్టింగ్‌లు. నాకు మెమో.

మార్చి 20, గురువారం

మెమోకు జవాబు రాసి ఇచ్చాను. ఇక్కడ కూడా కాపీ పెట్టుకుంటున్నాను.

తప్పు చేసింది నేనే. ఆ రూల్ నేనే పెట్టాను. నేనే తీసేస్తున్నాను. చాంబర్‌కు బెడ్‌పాన్ కావాలని పోయిన ఏడాది రెండుసార్లు ఇండెంట్ పెట్టాను, అత్యవసరం కాదని వెనక్కి వచ్చింది, కాపీలు జత చేశాను. నన్ను తీసేయాలనుకుంటే తీసేయండి. కానీ ముందు మేనేజ్‌మెంట్‌లో ఎవరైనా ఒకరు లీటరు నీళ్లు తాగి రెండు గంటలు లోపల పడుకుని చూడాలి. చాంబర్ నేనే నడుపుతాను.

ఎవరూ రాలేదు. తీసేయలేదు కూడా. ఈ మెషీన్ నడిపేవాళ్లు ఇంకొకరు లేరు.

మధ్యాహ్నానికి రెండు బెడ్‌పాన్లు, ఒక యూరిన్ బాటిల్ వచ్చాయి.

మార్చి 22, శనివారం

పదకొండో సిట్టింగ్. బుగ్గమ్మ బెడ్‌పాన్ చూసి ససేమిరా అంది. అద్దాల పెట్టెలో పడుకుని పది మంది ముందు ఆ పనా అంది. మగవాళ్లను అందరినీ బయటికి పంపాను, కిషన్ రావు గారిని కూడా. ఆయన కుర్చీ ఎత్తుకుని వరండాలోకి పోయి తనే కాపలా కూర్చున్నాడు. చాంబర్ మీద నూలు దుప్పటి కప్పాను, తల దగ్గర మాత్రం వదిలి. మైకు స్పీకర్ ఆపేసి, ఇయర్‌ఫోన్ నా చెవికి పెట్టుకున్నాను.

గంటన్నరకు చిన్నగా పిలిచింది. అటు తిరుగు అంది. తిరిగాను. మీటర్లు చూస్తూ నిలబడ్డాను.

బయటికి వచ్చాక నన్ను దగ్గరికి పిలిచి, పరుపు తడిమి చూపించింది. పొడిగా ఉంది.

ఏప్రిల్ 2, బుధవారం

ఇరవయ్యో సిట్టింగ్. 4.6. పీసీవీ 38.

పుండు అడుగున ఎర్రటి కండ వచ్చింది. రెండో వేలికి మాత్రం ప్రాణం రాలేదు, బొగ్గులా అలాగే ఉంది. ఆక్సిజన్ చేసిందా, నీళ్లు చేశాయా, మధ్యలో సార్ ఇన్సులిన్ కూడా పెంచాడు, అందుకా? నాకు తెలియదు. ప్రహ్లాద్ సార్‌కూ తెలియదు. కాన్ఫరెన్స్ నుంచి పేపర్ వెనక్కి తీసుకున్నాడు. స్టడీ మళ్లీ మొదటి నుంచి అన్నాడు. కొత్త ఫారంలో ఒక ప్రశ్న చేర్చాడు: నిన్నటి నుంచి ఎన్ని గ్లాసులు తాగారు? దాని కింద నేను ఇంకోటి చేర్చాను: మీరు ఉండే చోట బాత్‌రూమ్ ఉందా? ఇది మెడికల్ ప్రశ్న కాదన్నాడు. కొట్టేయండి చూద్దాం అన్నాను. కొట్టేయలేదు.

ఏప్రిల్ 17, గురువారం

4.6 చూశాక సార్ మిగతా పది కూడా ఇచ్చాడు, ముప్పై సిట్టింగ్‌లూ అయ్యాయి. ఈరోజు సర్జరీ. నల్లబడిన రెండో వేలు తీశారు. ఒక్కటే. పాదం ఉంది.

నేను గెలిచానని రాయను. వేలు వేలే.

బుగ్గమ్మ స్పృహలోకి వచ్చి దుప్పటి ఎత్తి చూసుకుంది. లెక్కపెట్టుకుంది. మిగతా నాలుగు కలిసి నడిపిస్తాయిలే అంది, నీళ్లు అడిగింది. సర్జరీ తర్వాత రెండు గంటలు ఆగాలట. నీళ్లు అడిగిన మనిషికి ఆగమని నేనే చెప్పాల్సి వచ్చింది.

ఏప్రిల్ 23, బుధవారం

డిశ్చార్జి. మందుల చీటీ మీద నీళ్ల సంగతి కూడా రాయమని సార్‌ను అడిగాను. ఇంగ్లీషులో ఒక లైన్ గీకాడు. కాదు, తెలుగులో, పెద్ద అక్షరాల్లో, స్టాంపు వేసి ఇవ్వండి అన్నాను. ఎందుకన్నాడు, సైటు మేస్త్రీకి చూపించి బాత్‌రూమ్ అడగడానికి అని చెప్పాను. ఈసారి వాదించలేదు. పగటిపూట కనీసం ఎనిమిది గ్లాసులు తాగాలి, తాగకపోతే పాదానికి ప్రమాదం, మూత్రం ఆపుకోకూడదు అని రాశాడు. చేతిరాత ఘోరం. నేనే మళ్లీ రాశాను, ఆయన సంతకం పెట్టాడు.

సాయంత్రం సైటుకు పోగానే బుగ్గమ్మ ఆ చీటీ మేస్త్రీకి చూపించి బాత్‌రూమ్ కట్టమందట. మేస్త్రీ నవ్వాడట, ఇదేమన్నా ఆర్డరా అన్నాడట. ఆమె సిమెంటు మిక్సర్ ముందు మంచం వేసుకుని కూర్చుందట, కట్టు కట్టిన కాలు చాపి. సైటులో ఉన్న ఇంకో ఆరుగురు ఆడవాళ్లు వచ్చి పక్కన కూర్చున్నారట. బాలప్ప ఫోన్ చేసి ఏం చేయాలని అడిగాడు. నువ్వు కూడా కూర్చో అన్నాను.

ఏప్రిల్ 29, మంగళవారం

సైటుకు వెళ్లి చూశాను. గేటు పక్కన నాలుగు రేకులు, ఒక తలుపు, ఒక డ్రమ్ము. గడియ లోపలి వైపే ఉంది. బుగ్గమ్మ మంచం మీద నుంచే, "పోయి రా బిడ్డా, నేను సూస్తుంట," అంది. నాకు అవసరం లేకపోయినా వెళ్లాను.